ఒక కాటాకి రెండు చీటీలు: పర్లాకిమిడి జీడిపిక్కల కొట్టు కోసం వ్యూ కాంపొనెంట్లు తిరగరాసిన కేస్ స్టడీ

2024 ఏప్రిల్‌లో ఒక రోజు పొద్దున్న పదిన్నరకి ఫోన్ వచ్చింది. ఒడిశాలోని పర్లాకిమిడిలో జీడిపిక్కలు కొనే కొట్టు యజమాని. ఇంట్లో పిల్లలు ఎలా ఉన్నారు, ఎండలు ఎలా ఉన్నాయి అని అడిగాకే పని మాటకొచ్చే మనిషి. ఆ రోజు హలో కూడా అనలేదు. "ఒకే మనిషికి రెండు చీటీలేటి బాబూ? కాటా ఒక్కసారే ఏశాం గదా!"

బండి వేసుకుని వెళ్లేసరికి కొండల మీద నుంచి వచ్చిన సవర రైతులు కొట్టు అరుగు మీద, బస్తాల మీద కూర్చుని ఉన్నారు. లోపల కంప్యూటర్ ముందు గుమాస్తా, ఒడియా కుర్రాడు. "నేను ఒక్కసారే నొక్కుతున్నాను ఆజ్ఞా" అంటూ నా ముందే ఒక చీటీ రాశాడు. బటన్ ఒక్కసారే నొక్కాడు, కళ్లారా చూశాను. లిస్టులో పక్కపక్క నంబర్లతో రెండు చీటీలు పడ్డాయి. అదే పేరు, అదే బరువు, అదే మొత్తం. పొద్దుటి నుంచి పదకొండు కాటాలయ్యాయి, లిస్టులో ఇరవై రెండు చీటీలున్నాయి.

అంటే ఎప్పుడో ఒకసారి కాదు, ప్రతిసారీ జరుగుతోంది. ప్రతిసారీ జరిగే తప్పు పట్టుకోవడం తేలిక కాబట్టి నాకు కాస్త ఊపిరాడింది. ఆయనకి మాత్రం ఆడలేదు. సాయంత్రం డబ్బు ఇచ్చేది చీటీ నంబర్ చూసే.

మాది ఇద్దరి పని. నేను, మా పిన్ని కొడుకు. అంతకు నాలుగేళ్ల ముందు ఈ కొట్టు సాఫ్ట్‌వేర్ వ్యూ 2లో రాశాం. వ్యూ అంటే వెబ్ పేజీలు కట్టడానికి వాడే జావాస్క్రిప్ట్ ఫ్రేమ్‌వర్క్. అందులో బటన్, ఫీల్డ్ లాంటి ఒక్కో ముక్కనీ కాంపొనెంట్ అంటారు. వ్యూ 2కి 2023 డిసెంబర్ 31తో సపోర్టు ఆగిపోయింది. సీజన్ మొదలయ్యేలోపు వ్యూ 3కి మార్చేద్దామనుకున్నాం. మాకు తీరేసరికి మార్చి దాటింది. కొత్త వెర్షన్ ముందు రోజు రాత్రే ఎక్కించాం. సీజన్ మధ్యలో వెర్షన్ ఎక్కించకూడదన్న సంగతి ఇప్పుడు ఎవరు అడిగినా చెబుతాను, అప్పుడు మాకు చెప్పినవాళ్లు లేరు.

తప్పు ఉన్నది బటన్ కాంపొనెంట్‌లో. పాత బటన్ లోపల మేము క్లిక్‌ని పట్టుకుని, మళ్లీ "క్లిక్" అనే పేరుతోనే పేరెంట్‌కి, అంటే దాన్ని వాడుకునే పై కాంపొనెంట్‌కి, ఎమిట్ చేసేవాళ్లం (కబురు పంపేవాళ్లం). వ్యూ 2లో కాంపొనెంట్ మీద పెట్టిన లిజనర్ (ఈవెంట్ జరిగినప్పుడు నడిచే కోడ్) ఇలా ఎమిట్ చేసిన ఈవెంట్‌ని మాత్రమే వింటుంది. బ్రౌజర్ నుంచి వచ్చే అసలు క్లిక్ వినాలంటే "నేటివ్" అని ప్రత్యేకంగా తగిలించాలి. వ్యూ 3లో ఆ నేటివ్ తీసేశారు. కాంపొనెంట్ తన ఈవెంట్లు ఇవీ అని "ఎమిట్స్"లో ముందే చెప్పకపోతే, పేరెంట్ పెట్టిన లిజనర్ మిగతా ఆట్రిబ్యూట్లతో (ట్యాగ్ మీద రాసే సెట్టింగులతో) పాటు కిందికి జారి రూట్ ఎలిమెంట్‌కి, అంటే కాంపొనెంట్‌లో అన్నిటికన్నా బయట ఉండే ట్యాగ్‌కి, తగులుకుంటుంది. మా కాంపొనెంట్‌లో రూట్ ఎలిమెంటే అసలు బటన్. దాంతో ఒక్క నొక్కుకి మా ఎమిట్ ఒకసారి, బ్రౌజర్ క్లిక్ ఒకసారి, సేవ్ ఫంక్షన్ రెండుసార్లు. ఇదంతా వ్యూ వాళ్ల మైగ్రేషన్ గైడ్‌లో స్పష్టంగా రాసి ఉంది. మేము పైపైన చదివి వదిలేశాం.

"అన్నయ్యా, ఎమిట్స్‌లో ఒక్క మాట రాస్తే అయిపోతుంది" అన్నాడు తమ్ముడు ఫోన్‌లో. అక్కడికక్కడ అదే చేసి, డబుల్ చీటీలు గుమాస్తాతో కలిసి ఒక్కొక్కటే కొట్టేసి, సాయంత్రం చెల్లింపుల సమయానికి లెక్క సరిచేశాం. ఆ రాత్రి మాత్రం ఆ ఎమిట్ మొత్తాన్నీ తీసేశాను. బటన్ కాంపొనెంట్ క్లిక్ గురించి ఏమీ చెయ్యక్కర్లేదు, లిజనర్ దానంతటదే కిందికి జారి పనిచేస్తుంది. రాసిన కోడ్ కన్నా తీసేసిన కోడే బాగా పనిచెయ్యడం అదే మొదటిసారి, తరువాత ఈ ప్రాజెక్టులో చాలాసార్లు చూశాను.

ఇంకో మాట. బటన్ సరైనంత మాత్రాన డబుల్ చీటీల భయం పోదు. నెట్ ఆగి ఆగి వచ్చే ఊళ్లో గుమాస్తా మళ్లీ నొక్కుతాడు, ఎవరైనా నొక్కుతారు. అందుకని కొత్త చీటీ ఫారం తెరిచిన క్షణమే దానికో ప్రత్యేకమైన ఐడీ తయారుచేసి పంపుతున్నాం. డేటాబేస్‌లో ఆ ఐడీ ఒక్కసారే పడేలా యునీక్ పెట్టాం. అదే ఐడీ మళ్లీ వస్తే సర్వర్ పాత చీటీనే తిరిగి చూపిస్తుంది. చెల్లింపుతో ముడిపడ్డ పని దేనికైనా ఇది ముందే ఉండాలి.

ఈ గొడవ వల్ల మిగతా కాంపొనెంట్లన్నీ తెరిచి చూడాల్సి వచ్చింది. అసలు రోత అక్కడ బయటపడింది.

మా పాత ఫీల్డ్ కాంపొనెంట్ ఒకటే ఫైలు. పేరు, ఫోన్ నంబర్, తేదీ, బరువు, రేటు, ఊరు ఎంచుకునే లిస్టు, అన్నీ అదే చూసుకునేది. రీయూజ్ అంటే ఇదే కదా అని అప్పట్లో మురిసిపోయాం. లెక్కపెడితే ఇరవై మూడు ప్రాప్స్, అంటే కాంపొనెంట్‌కి బయటి నుంచి ఇచ్చే విలువలు, తేలాయి. "బరువా", "రేటా", "తప్పనిసరా", "చిన్నదా", "బస్తా రేటు చూపాలా" అంటూ సగం అవును-కాదు ప్రాప్సే. ఒక్కొక్కటి పెట్టినప్పుడు దానికో కారణం ఉంది. యజమాని అడిగేవారు, మేము ఇంకో "ఇఫ్" తగిలించేవాళ్లం. ఆఖరికి తేదీ ఫీల్డ్‌లో చిన్న మార్పు చేస్తే తరుగు ఫీల్డ్ పాడయ్యే స్థితికి వచ్చింది. ముట్టుకోవడానికే టెన్షన్.

అందులో దొరికిన మూడు తప్పులు విడిగా చెబుతాను. ఈ మూడూ ఎవరి ప్రాజెక్టులోనైనా ఉండగలిగినవే.

మొదటిది ఐడీలది. ఒక చీటీలో రెండు మూడు రకాల సరుకు ఉంటే వరసలు పెరుగుతాయి. ప్రతి వరసలో బరువు ఫీల్డ్. లేబుల్‌ని ఇన్‌పుట్‌తో కలపడానికి ఐడీ కావాలి, మేము "బరువు" అనే ఒకే ఐడీ నేరుగా రాసేశాం. మూడో వరసలో "బరువు" అనే మాట మీద నొక్కితే కర్సర్ వెళ్లి మొదటి వరసలో పడేది. గుమాస్తా దీన్ని ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదు. లేబుల్ మీద నొక్కకూడదని అతనే నేర్చేసుకున్నాడు. ఫీల్డ్ ప్రతిసారీ కొత్త ఐడీ తీసుకునేలా ముందు మేమే ఒక కౌంటర్ రాసుకున్నాం. అదే ఏడాది సెప్టెంబర్‌లో వ్యూ 3.5 "యూజ్‌ఐడీ"తో వచ్చాక మాది తీసేశాం.

రెండోది ఆట్రిబ్యూట్లది. ఫోన్ నంబర్‌కి పది అంకెలు మించకుండా పేరెంట్‌లో "మాక్స్‌లెంగ్త్" పెట్టాం. పనిచెయ్యలేదు. కారణం, బటన్ తప్పుకి అన్నదమ్ముడే. ఫీల్డ్ రూట్ ఎలిమెంట్ ఒక డివ్ (ఉత్త పెట్టె లాంటి ట్యాగ్), ఇన్‌పుట్ దాని లోపల ఉంది. జారిపడ్డ ఆట్రిబ్యూట్ డివ్‌కి తగులుకుంది, డివ్‌కి మాక్స్‌లెంగ్త్ అంటే ఏమిటో తెలీదు. "ఇన్‌హెరిట్ ఆట్రిబ్యూట్స్" వద్దని చెప్పి, వచ్చినవాటిని లోపలి ఇన్‌పుట్‌కి మనమే కట్టాలి. ఇది తెలియక మేము మాక్స్‌లెంగ్త్‌కి ఒక ప్రాప్, డిసేబుల్‌కి ఒక ప్రాప్, ప్లేస్‌హోల్డర్‌కి ఒక ప్రాప్ పెట్టుకుంటూ పోయాం. ఇరవై మూడింటిలో ఏడు ఇలా పుట్టినవే.

మూడోదానికి డబ్బు నష్టం కూడా జరిగింది, చిన్నదే అయినా. రేటు ఫీల్డ్ "నంబర్" రకం ఇన్‌పుట్. కర్సర్ అందులో ఉండగా మౌస్ చక్రం తిప్పితే పేజీ కదలడానికి బదులు అంకె మారిపోవచ్చు. గుమాస్తా రేటు కొట్టి, కింద సేవ్ బటన్ కోసం చక్రం తిప్పేవాడు. ఇక్కడ జీడిపిక్కల రేటు కిలోకి చెప్పరు, 80 కిలోల బస్తాకి చెబుతారు. బస్తా 9,600 అనుకుందాం, కిలో 120 పడుతుంది. చక్రం రెండు మెట్లు తిరిగితే 9,598. మొత్తంలో తేడా పదో పరకో, ఎవరూ గమనించలేదు. రైతు చేతిలో రేటు రాసిన పాత చీటీ, కొత్త చీటీ పక్కపక్కన పెట్టి చూపించినప్పుడు బయటపడింది. ఇప్పుడు రేటు, బరువు రెండూ మామూలు టెక్స్ట్ ఇన్‌పుట్‌లే. ఫోన్‌లో అంకెల కీబోర్డు రావడానికి "ఇన్‌పుట్‌మోడ్ డెసిమల్" చాలు. పైగా కొందరు ఒడియా కీబోర్డుతో ఒడియా అంకెలు కొడతారు. జావాస్క్రిప్ట్ "నంబర్" ఫంక్షన్‌కి అవి ఇస్తే "ఇది సంఖ్య కాదు" అంటుంది. టెక్స్ట్‌గా తీసుకుంటే ముందు మామూలు అంకెలుగా మార్చుకుని తరువాత లెక్క కట్టొచ్చు.

ఫీల్డ్‌ని ఎలా విడగొట్టామంటే, ముందు చట్రం వేరు చేశాం. లేబుల్, తప్పు ఉంటే ఎర్ర అక్షరాల్లో చెప్పే మాట, ఐడీ. అంతే చట్రం పని. మధ్యలో స్లాట్ ఖాళీగా ఉంటుంది, అందులో ఏ ఇన్‌పుట్ పెడతావో నీ ఇష్టం. దాని పక్కన మూడు చిన్న ఇన్‌పుట్‌లు: మాటలకి ఒకటి, అంకెలకి ఒకటి, లిస్టు నుంచి ఎంచుకోవడానికి ఒకటి. ఒక్కోదానికి నాలుగు ప్రాప్స్ మించలేదు. వ్యూ 3.4 నుంచి "డిఫైన్‌మోడల్" వాడుకోవచ్చు కాబట్టి, విలువ లోపలికి తీసుకోవడం, మారితే పైకి చెప్పడం రెండూ ఒక్క వరసలో అయిపోయాయి. బస్తా రేటు, తరుగు, హమాలీ అనే మాటలు ఈ నాలుగు ఫైళ్లలో ఎక్కడా లేవు. అవి చీటీ పేజీలో ఉంటాయి, వాటి చోటు అదే.

ఇక్కడ తమ్ముడికీ నాకూ వాదన అయింది. వాడి వాదన: "రేటు ఫీల్డ్ మూడు చోట్ల ఉంది, మూడు చోట్లా చట్రం, ఇన్‌పుట్, మార్పిడి రాయడం దండగ. రేటు ఫీల్డ్ అనే కాంపొనెంట్ ఉండాలి." నిజమే, ఉండాలి. కానీ అది కొట్టు ఫోల్డర్‌లో ఉండాలి, అందరికీ పనికొచ్చే ఫోల్డర్‌లో కాదు. అప్పటి నుంచి మాకు రెండు ఫోల్డర్లు. ఒకదానిలో జీడిపిక్కల సంగతి తెలియనివి, రెండోదానిలో తెలిసినవి. కొట్టు ఫోల్డర్ మొదటి ఫోల్డర్ నుంచి ఎన్నైనా తెచ్చుకోవచ్చు. మొదటిది మాత్రం కొట్టు ఫోల్డర్ వైపు కన్నెత్తి చూడకూడదు. ఈ ఒక్క కట్టుబాటు పెట్టాక ఏ ఫైలు ఎక్కడుండాలన్న వాదనలు చాలామటుకు ఆగిపోయాయి.

అన్నింటికన్నా ఎక్కువ చోట్ల వాడిన కాంపొనెంట్ అన్నింటికన్నా చిన్నది: రూపాయలు చూపించేది. లోపల పదిహేను వరసలు కూడా లేవు. పైసల్లో ఒక పూర్ణ సంఖ్య ఇస్తే లక్షల పద్ధతిలో కామాలు పెట్టి చూపిస్తుంది. దశాంశాల్లో డబ్బు దాచుకుంటే జావాస్క్రిప్ట్‌లో 0.1 కి 0.2 కలిపినా సరిగ్గా 0.3 రాదు, అందుకే డబ్బు పైసల్లో, బరువు గ్రాముల్లో దాస్తాం. 236 కిలోలు, బస్తా 9,600 అయితే 28,320 రూపాయలు. ఈ భాగహారం కాంపొనెంట్‌లో లేదు. ముందు ఉండేది. మొత్తం లెక్క కట్టడం, చూపించడం రెండూ ఒకే చోట ఉన్నందువల్ల రోజు మొత్తం చూపించే పేజీలో ఆ కాంపొనెంట్ పనికిరాక ఇంకోటి రాశాం. లెక్కని విడిగా మామూలు ఫంక్షన్‌గా తీశాక ఒక్కటే సరిపోయింది.

వరస మార్చే కాంపొనెంట్‌లో ఉన్న తప్పు మాత్రం కొంచెం మోసకారిది. రాసిన చీటీలో బరువు సరిదిద్దడానికి వరస మీద నొక్కితే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో "సేవ్", "రద్దు" ఉంటాయి. గుమాస్తా 64 కిలోలని 46 అని మార్చి, కాదనుకుని "రద్దు" నొక్కాడు. పెట్టె మూసుకుంది. వరసలో 46 అలాగే ఉండిపోయింది. ప్రాప్‌ని పిల్ల కాంపొనెంట్ మార్చకూడదని వ్యూ హెచ్చరిస్తుందని మాకు తెలుసు, ఆ ధీమాతోనే ఉన్నాం. కానీ ఆ హెచ్చరిక ప్రాప్‌నే మార్చి వేరేది పెట్టినప్పుడు వస్తుంది. ప్రాప్‌గా ఇచ్చింది ఆబ్జెక్ట్ అయి, దాని లోపల ఉన్న బరువు మారిస్తే వ్యూ నోరెత్తదు. పేరెంట్ దగ్గరున్నదీ, పెట్టె చేతిలో ఉన్నదీ ఒకటే ఆబ్జెక్ట్ మరి. ఇప్పుడు పెట్టె తెరవగానే లోపల నకలు తీసుకుంటుంది. సేవ్ నొక్కితే ఆ నకలుని ఎమిట్ చేస్తుంది, రద్దు నొక్కితే పారేస్తుంది. ఇలాంటి పెట్టెలు ఎవరు రాసినా నేను ముందు చూసేది రద్దు బటనే.

భాష సంగతి. యజమానికి తెలుగు, గుమాస్తాకి ఒడియా, ఆడిటర్‌కి ఇంగ్లిష్. ఒకే స్క్రీన్ మూడు భాషల్లో ఉండాలి. బటన్ వెడల్పు ఇంగ్లిష్ "సేవ్" చూసి ఫిక్స్ చేశాం, తెలుగులోకి మార్చగానే మాట రెండు వరసలైంది. ఎత్తు కూడా ఫిక్స్ చేసి, పొంగింది దాచేయమని చెప్పి, లైన్‌హైట్ (అక్షరాల వరస ఎత్తు) 1.2 పెట్టాం. "తగ్గింపు"లో గ కింద గ వత్తు సగం తెగిపోయింది. అప్పటి నుంచి మా ఉమ్మడి కాంపొనెంట్లలో వెడల్పు, ఎత్తు అంకెలు రాయం. లోపలి ఖాళీ మాత్రమే రాస్తాం, లైన్‌హైట్ 1.6. కాంపొనెంట్ లోపల ఏ భాష మాటా ఉండదు, మాటలన్నీ బయటి నుంచి వస్తాయి.

ఆ మాటల విషయంలో మొదట పుస్తకాల తెలుగు పెట్టాం: "సమర్పించు", "నికర పరిమాణం". యజమాని రెండు రోజులు ఓర్చుకుని, "ఇదేటి బాబూ, కోర్టు కాగితంలాగుంది" అన్నారు. గిడుగు రామమూర్తి గారు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి, సవరల భాషకి నిఘంటువు కూర్చిన ఆయన వాడుక భాష కోసం చేసిన పోరు తెలిసి కూడా మేము "సమర్పించు" అని రాశాం. ఇప్పుడు "సేవ్", "అసలు బరువు", "తరుగు పోగా" అని ఉన్నాయి.

కాంపొనెంట్లు చూసుకోవడానికి వేరే టూల్ ఏదీ పెట్టలేదు. యాప్‌లోనే మాకు మాత్రమే కనబడే ఒక పేజీ ఉంది. అందులో ప్రతి కాంపొనెంట్, మూడు భాషల్లో, దొరికినంత పొడుగు మాటలతో. మార్పు చేశాక ఆ పేజీ ఫోన్‌లో ఒకసారి కిందికి జరిపి చూస్తే సగం తప్పులు అక్కడే కనబడతాయి. బటన్‌కి మాత్రం టెస్ట్ రాశాం: ఒక్కసారి నొక్కితే పేరెంట్ ఫంక్షన్ ఒక్కసారే నడవాలి. ముందున్న టెస్ట్ చీటీ పడిందా అని చూసేది, ఎన్ని పడ్డాయని చూసేది కాదు.

ఇవన్నీ నిజంగా ఇంకోచోట పనికొస్తాయా అన్నది ఆ వర్షాకాలంలో తెలిసింది. పక్కనే ఆంధ్రా వైపు పాతపట్నంలో ఒక బడికి ఫీజుల కౌంటర్ కావాలన్నారు. మొదటి ఫోల్డర్ మొత్తం తీసుకెళ్లాం. బటన్, చట్రం, మూడు ఇన్‌పుట్‌లు, రూపాయలు ఏ మార్పూ లేకుండా కూర్చున్నాయి. చీటీ కాంపొనెంట్ మాత్రం ఇబ్బంది పెట్టింది. ఉమ్మడి ఫోల్డర్‌లోనే ఉన్నా, దాని కింద "కాటా వేసినవారి సంతకం" అని ఒక గీత ఉంది. భాష మాటలు బయటి నుంచి వస్తున్నాయి కానీ, ఆ గీతే కొట్టుది. పైన, మధ్యన, కింద మూడు స్లాట్‌లు పెట్టి గీతని కొట్టుకి పంపేశాం. ఇప్పుడు చీటీ చట్రానికి తెలిసింది ఒక్కటే, కాగితం వెడల్పు. 58 మిల్లీమీటర్ల థర్మల్ ప్రింటర్‌లో వరసకి 384 చుక్కలు. ఆ చవక ప్రింటర్లలో తెలుగు, ఒడియా అక్షరాలు ఉండవు కాబట్టి చీటీని బొమ్మగా గీసి పంపిస్తాం.

పట్టిక మాత్రం కలపలేదు. కొట్టులో చీటీల పట్టిక, బడిలో బాకీల పట్టిక చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. తమ్ముడు ఒకటి చేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. చీటీల పట్టికలో వరస మీద నొక్కితే సరిదిద్దే పెట్టె రావాలి. బాకీల పట్టికలో తరగతి వారీగా గుంపులు, ఉపమొత్తాలు కావాలి. రెండింటినీ కలిపితే మళ్లీ ఆ ఇరవై మూడు ప్రాప్స్ ఫీల్డే ఇంకో పేరుతో పుడుతుంది. రెండు ఫైళ్లలో నలభై వరసలు ఒకేలా ఉన్నాయి, ఉండనీ. మూడో పట్టిక వచ్చినప్పుడు చూద్దాం.

ఈ సీజన్లో ఒక కొత్త కోరిక వచ్చింది. ఒక సవర రైతు కొడుకు, డిగ్రీ చదువుతున్నవాడు, చీటీ మీద వాళ్ల నాన్న పేరు సొరాంగ్ సొంపెంగ్ లిపిలో వస్తుందా అని అడిగాడు. 1936లో మంగెయ్ గొమాంగో తయారుచేసిన లిపి అది, యూనికోడ్‌లోకి 2012లో చేరింది. మేము చీటీని బొమ్మగానే గీస్తాం కాబట్టి ఫాంట్ పెడితే చాలనుకున్నాం. పెట్టాం, వచ్చింది. కానీ పేరు పొడుగు మించకుండా మేము పెట్టిన హద్దు 24. ఆ లిపి యూనికోడ్‌లో ఉన్న చోటు వల్ల జావాస్క్రిప్ట్ ఒక్కో అక్షరాన్ని రెండుగా లెక్కపెడుతుంది, దాంతో పన్నెండు అక్షరాలకే పేరు ఆగిపోయింది. తెలుగులోనూ అన్యాయమే జరుగుతోందని అప్పుడు గమనించాం, "శ్రీ" ఒక్కటే నాలుగుగా లెక్కకొస్తోంది. ఇప్పుడు అక్షరాలు లెక్కపెట్టడం మానేసి, గీసిన పేరు 384 చుక్కల్లో పడుతుందా లేదా అని కొలుస్తున్నాం. మార్పు చీటీ చట్రం ఒక్క ఫైల్లోనే. బడి వాళ్ల రసీదుల్లో తెగిపోతున్న పొడుగు పేర్లు కూడా దాంతోపాటే సరయ్యాయి, వాళ్లు అడగకుండానే.